యురేనియం బిళ్ళలో ఖాళీ గడులు

(విజ్ఞాన పాఠం)

 

ఈ సంచికలో సైన్సు మూలకు నేను యురేనియం గురించి రాస్తున్నాను. యురేనియం అనే మాట మన హాస్టల్‌లో అందరికీ తెలిసిందే. 2024లో మన దగ్గరి దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో, భూమి లోపల యురేనియం ఎంత ఉందో చూడటానికి బోర్లు వేస్తారని వార్త వచ్చింది. చుట్టుపక్కల ఊర్ల జనం వద్దని రోడ్డెక్కినారు. ప్రభుత్వం ఆ పని ఆపింది. అప్పుడు మన డార్మెటరీలో కూడా రాత్రి లైట్లు తీసేదాకా వాదనలు జరిగినాయి. ఒకరు బాంబు అన్నారు, ఒకరు కరెంటు అన్నారు, ఒకరు జబ్బు అన్నారు. కానీ ఆ యురేనియం భూమిలోంచి బయటికి వచ్చినాక ఏమవుతుంది, రియాక్టర్‌లో మండే వేడిలో దాని లోపల ఏమి జరుగుతుంది అనేది ఎవరమూ చెప్పలేదు. తెలిసినంత వరకు తెలుసుకుందామని నేను సైన్సు సార్‌ను అడిగి, లైబ్రరీలో చదివి ఈ పాఠం రాస్తున్నాను. కష్టమైన పేర్లు వస్తే భయపడవద్దు. రెండుసార్లు చదివితే అర్థమవుతుంది.

1. స్ఫటికం అంటే ఏమి?

తొలకరి వానలు పడగానే జొన్నగిరి, పగిడిరాయి పొలాలలో జనం వంగి వజ్రాలు వెతుకుతారు గదా. ఆ వజ్రం ఒక స్ఫటికం. ఉప్పుకల్లు ఒక స్ఫటికం. పటికబెల్లం ఒక స్ఫటికం. పరమాణువులు ఒక వరుసలో, ఒక లెక్కలో, మళ్ళీ మళ్ళీ అదే పద్ధతిలో పేర్చుకొని ఉంటే దానిని స్ఫటికం అంటారు. ప్రార్థనకు మనం గ్రౌండులో చెయ్యి చాపి దూరం కొలుచుకొని నిలబడతామే, అట్లాగే. ముందు చూసినా, పక్క చూసినా, ఐమూలగా చూసినా వరుసలే కనపడతాయి.

ఒకే పదార్థం రెండు రకాల వరుసలలో నిలబడవచ్చు. వజ్రమూ కార్బనే, పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటూ కార్బనే. వరుస మారింది కాబట్టి ఒకటి గాజును కోస్తుంది, ఒకటి కాగితం మీద అరిగిపోతుంది. ఇట్లా వరుస మారడాన్ని దశ మార్పు అంటారు. మంచు నీళ్ళు కావడం, నీళ్ళు ఆవిరి కావడం మాత్రమే దశ మార్పు అనుకుంటాము. ఘనపదార్థం ఘనంగానే ఉండి లోపలి వరుస మార్చుకున్నా అది కూడా దశ మార్పే.

2. లోపం అంటే ఏమి?

పుస్తకంలో బొమ్మ వేసినంత శుద్ధంగా ఏ స్ఫటికమూ ఉండదు. ఒకచోట పరమాణువు ఉండవలసిన జాగాలో ఉండదు. దానిని ఖాళీ అంటారు. ఒకచోట పరమాణువు తనది కాని సందులో దూరి ఉంటుంది. దానిని చొరబడిన పరమాణువు అంటాము. ఒకచోట వేరే జాతి పరమాణువు వచ్చి కూర్చుంటుంది. వీటన్నిటికీ కలిపి స్ఫటిక లోపాలు అని పేరు.

లోపం అనగానే చెడ్డది అనిపిస్తుంది. అట్లా కాదు. కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే హోప్ వజ్రం నీలంగా ఉంటుంది. కార్బన్ వరుసలో అక్కడక్కడ బోరాన్ పరమాణువులు కూర్చున్నందువల్లనే ఆ నీలం. లోపమే దాని అందం.

ఖాళీకి ఇంకొక గొప్ప గుణం ఉంది. మనం బండ మీద గీసి పులి మేక ఆడతాము. గీతలు కలిసే ప్రతి చోటా కాయ పెట్టి నింపేస్తే పులీ కదలదు, మేకా కదలదు. ఖాళీ చోటు ఉంటేనే ఆట. స్ఫటికంలో కూడా అంతే. ఖాళీ గడి ఉంటేనే పక్క పరమాణువు అందులోకి జరుగుతుంది. అది జరిగితే దాని పాత గడి ఖాళీ అవుతుంది. అందులోకి ఇంకొకటి వస్తుంది. ఇట్లా ఘనపదార్థం లోపల కూడా పరమాణువులు ప్రయాణం చేస్తాయి.

ఒక పరమాణువు తన గడి వదిలి ఇంకొక సందులో చేరితే ఒకేసారి రెండు లోపాలు పుడతాయి. ఇక్కడ ఒక ఖాళీ, అక్కడ ఒక అదనపు మనిషి. మన పడమటి ఊర్లలో ఎండలు రాగానే జనం సుగ్గికి పోతారు. ఊర్లో ఇంటికి తాళం పడుతుంది, గుంటూరు మిరప చేనులో ఒక గుడిసె లేస్తుంది. తాళం ఒక చోట, గుడిసె ఒక చోట, కానీ రెండూ ఒకే కుటుంబం కథ. స్ఫటికంలో ఇట్లాంటి జతను ఫ్రెంకెల్ జంట అంటారు. రష్యా శాస్త్రవేత్త యాకొవ్ ఫ్రెంకెల్ 1926లో ఈ సంగతి చెప్పినాడు. వేడి పెరిగే కొద్దీ ఈ జంటలు పెరుగుతాయి. వేడి కొంచెమైనా ఉన్నచోట ఒక్క లోపమూ లేని స్ఫటికం ఉండదు.

3. మట్టి నుంచి బిళ్ళ వరకు

మనకు దక్షిణాన కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె ఉంది. అక్కడ యురేనియం గని ఉంది. రాయి నుంచి యురేనియం తీసే మిల్లు 2012లో మొదలయింది. అక్కడి రాయి సున్నపు జాతి రాయి. ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాయే తాగేస్తుంది. అందుకని క్షారంతో యురేనియాన్ని కరిగించి తీస్తారు. అక్కడ తయారయ్యే పసుపుపచ్చ పదార్థం హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు పోతుంది. ఆ సంస్థ 1971లో ఏర్పడింది.

హైదరాబాదులో దానిని శుద్ధి చేసి, హైడ్రోజన్ వాయువులో వేడి చేసి, యురేనియం డైఆక్సైడ్ అనే నల్లటి పొడిగా మారుస్తారు. ఒక యురేనియం పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు. ఆ పొడిని అచ్చులో వేసి నొక్కితే బిళ్ళ అవుతుంది. కానీ అది సుద్దముక్క వలె పెళుసుగా ఉంటుంది. దానిని హైడ్రోజన్ నిండిన కొలిమిలో సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. అప్పుడు అది కుదించుకొని గట్టి బిళ్ళగా బయటికి వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. యురేనియం డైఆక్సైడ్ కరగాలంటే సుమారు 2,850 డిగ్రీలు కావాలి. ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుంది. మరి 1,700 డిగ్రీల దగ్గర, కరగకుండానే, పొడి రేణువులు ఒకదానికొకటి ఎట్ల అతుక్కున్నాయి? జవాబు మీకే తెలుసు. పులి మేక ఆట. వేడికి ఖాళీ గడులు పుట్టి, పరమాణువులు ఒక్కొక్క గడి జరుగుతూ, రేణువుకు రేణువుకు మధ్య ఉన్న సందును నింపుతాయి. లోపాలు లేకుంటే ఆ బిళ్ళ గట్టిపడదు. అంటే ఇంధనం పుట్టుకలోనే లోపాల చెయ్యి ఉంది.

బిళ్ళలను జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలలో వరుసగా పేర్చి, మూతలు బిగిస్తారు. 19 గొట్టాలు కట్టగా కడితే అర మీటరు పొడవు కట్ట అవుతుంది. కర్ణాటకలోని కైగా వంటి చోట్ల 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడేది ఇట్లాంటి కట్టలే.

4. బిళ్ళ లోపలి ఇండ్లు

ఇప్పుడు బిళ్ళ లోపలికి పోదాము. చిన్న చిన్న ఘనాలను, అంటే పాచికల వంటి పెట్టెలను, పక్కపక్కన, పైన కింద పేర్చినట్లు ఊహించుకోండి. ప్రతి పెట్టె మూలలోనూ ఒక ఆక్సిజన్ ఉంటుంది. యురేనియం మాత్రం పెట్టె నడుమ ఉంటుంది. కానీ అన్ని పెట్టెలలో ఉండదు. చదరంగం పలక మీద నలుపు, తెలుపు గడుల వలె, ఒక పెట్టెలో యురేనియం ఉంటే పక్క పెట్టె ఖాళీ. పైన కింద కూడా అంతే. అంటే సగం ఇండ్లు మొదటి నుంచీ ఖాళీయే.

లెక్క చూద్దాము. ఒక యురేనియం చుట్టూ 8 మూలలు, 8 ఆక్సిజన్లు. ఒక మూల దగ్గర 8 పెట్టెలు కలుస్తాయి. వాటిలో సగం, అంటే 4 పెట్టెలలోనే యురేనియం ఉంటుంది. కాబట్టి ఒక ఆక్సిజన్‌ను 4 యురేనియంలు పంచుకుంటాయి. ఒక యురేనియం వాటాకు 8ని 4తో భాగిస్తే 2 ఆక్సిజన్లు. యురేనియం డైఆక్సైడ్ అనే పేరు సరిపోయింది! నేను ఈ లెక్క నోటుబుక్కులో వేసుకొని చాలా సంతోషపడినాను. పేరులో ఉన్న రెండు ఎక్కడి నుంచి వచ్చిందో నా కళ్ళతో చూసినట్లయింది.

ఈ రకం కట్టడాన్ని ఫ్లోరైట్ కట్టడం అంటారు. ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడ్ ఖనిజం. నల్లగొండ జిల్లాలో ఎముకలు వంకరపోయే జబ్బు గురించి మనం చదివినాము. అక్కడ నీళ్ళలోకి ఫ్లోరైడ్ రాళ్ళ నుంచి వస్తుంది. ఆ రాళ్ళలో ఉండే ఖనిజాలలో ఫ్లోరైట్ ఒకటి. దాని లోపలి వరుసా, అణు ఇంధనం లోపలి వరుసా ఒకటే.

5. వేడి పెరిగితే ఏమవుతుంది?

రియాక్టర్‌లో యురేనియం పరమాణువులు చీలి వేడి పుట్టిస్తాయి. బిళ్ళ అంచు దగ్గర కొన్ని వందల డిగ్రీలు ఉంటే, నడుమ వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అంచుకు, నడుముకు దూరం ఒక సెంటీమీటరు కూడా ఉండదు. జొన్నరొట్టె పెనం మీద పైన పచ్చిగా, అడుగున మాడినట్లు ఉంటుందే, దానికంటే ఎన్నో రెట్ల తేడా.

ఇంకా వేడి పెంచుకుంటూ పోతే ఏమవుతుందో మెట్టు మెట్టుగా రాస్తాను.

మొదటి మెట్టు: పరమాణువులన్నీ తమ గడులలోనే ఊగుతాయి. ఎండకు రేకుల కింద మనం నిద్ర పట్టక మెదిలినట్లు.

రెండవ మెట్టు: కొన్ని ఆక్సిజన్లు గడి వదిలి పోతాయి. ఫ్రెంకెల్ జంటలు పుడతాయి. యురేనియం చాలా బరువు. దాని పరమాణు భారం 238, ఆక్సిజన్‌ది 16. యురేనియం అంత సులువుగా కదలదు. కాబట్టి ఖాళీలు ఎక్కువగా ఆక్సిజన్ గడులలోనే.

మూడవ మెట్టు: ఖాళీలు పెరిగే కొద్దీ, పక్కవాటికి గడి వదలడం సులువవుతుంది. తండాలో ఒక ఇల్లు సుగ్గికి పోయినప్పుడు ఎవరికీ పెద్దగా తెలియదు. పది ఇండ్లు పోయినాక మిగిలినవాళ్ళు కూడా మూట కట్టుకుంటారు. ఇక్కడా అట్లాగే జరుగుతుంది. ఇంతవరకు నిదానంగా పెరిగిన లోపాలు ఒక్కసారిగా పెరుగుతాయి.

నాలుగవ మెట్టు: సుమారు 2,400 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ వరుస మొత్తం చెదిరిపోతుంది. ఆక్సిజన్లు గడి నుంచి గడికి ఎగురుతూ, ద్రవంలో తిరిగినట్లు తిరుగుతాయి. కానీ యురేనియం వరుస చెక్కుచెదరదు. ఊర్లో పడుచువాళ్ళందరూ పోయినా ముసలివాళ్ళు ఇంటిని కాపాడినట్లు, యురేనియం నిలబడి ఉంది కాబట్టి బిళ్ళ బిళ్ళగానే ఉంటుంది. సగం ద్రవం, సగం ఘనం! దీనినే శాస్త్రవేత్తలు సూపర్ అయానిక్ దశ అంటారు.

ఐదవ మెట్టు: సుమారు 2,850 డిగ్రీల దగ్గర యురేనియం వరుస కూడా కూలి, బిళ్ళ కరిగిపోతుంది.

నాలుగవ మెట్టే ఈ పాఠానికి గుండెకాయ. అక్కడ బయటి నుంచి ఏ కొత్త పదార్థమూ రాలేదు. లోపాలు పెరిగి పెరిగి దశనే మార్చినాయి. ఆ సమయంలో ఇచ్చిన వేడిలో చాలా భాగం ఉష్ణోగ్రత పెంచడానికి కాకుండా ఆక్సిజన్లను గడుల నుంచి లేపడానికే ఖర్చవుతుంది. మంచు కరిగేటప్పుడు ఎంత వేడి ఇచ్చినా సున్నా డిగ్రీల దగ్గరే ఆగినట్లు, ఇక్కడ కూడా వేడి తాగే శక్తి శిఖరంలా లేచి మళ్ళీ దిగుతుంది.

6. ఎవరు ఎట్లా కనుక్కున్నారు?

ఇట్లాంటి విచిత్రాన్ని మొదట చూసింది మైకేల్ ఫారడే. 1830లలో ఆయన లెడ్ ఫ్లోరైడ్‌ను వేడి చేస్తే, కరగకముందే అది లోహం వలె విద్యుత్తును బాగా పంపింది. లోపల ఫ్లోరైడ్ అయాన్లు పరుగెత్తుతున్నాయని ఆ కాలంలో ఎవరికీ తెలియదు. పరమాణువుల వరుసలను ఎక్స్ కిరణాలతో చూడటం 1912 తరువాత గదా వచ్చింది.

యురేనియం డైఆక్సైడ్‌ను అంత వేడిలో పరీక్షించడం కష్టం. ఏ పాత్రలో పెట్టినా పాత్రే పాడవుతుంది. అందుకని ఒక ఉపాయం చేసినారు. అదే కట్టడం ఉన్న కాల్షియం ఫ్లోరైడ్‌ను ముందు పరీక్షించినారు. అది సుమారు 1,150 డిగ్రీల దగ్గర ఇట్లా మారుతుంది, 1,418 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 1993లో జర్మనీలోని కార్ల్స్‌రూహె శాస్త్రవేత్తలు యురేనియం డైఆక్సైడ్ చిన్న ముక్కను లేజర్ వెలుగుతో వేడి చేసి, చల్లారేటప్పుడు కనిపెట్టి చూసినారు. 2,670 కెల్విన్ దగ్గర మార్పు కనిపించింది. కెల్విన్ నుంచి 273 తీసివేస్తే సెల్సియస్ వస్తుంది. 2,397. అందుకే పైన సుమారు 2,400 అని రాసినాను.

ఇక్కడ ఒక అందమైన లెక్క ఉంది. రెండు పదార్థాలకూ కెల్విన్‌లో లెక్కవేసి, మారే ఉష్ణోగ్రతను కరిగే ఉష్ణోగ్రతతో భాగించండి. కాల్షియం ఫ్లోరైడ్‌కు 1,423 భాగించు 1,691, అంటే 0.84. యురేనియం డైఆక్సైడ్‌కు 2,670 భాగించు 3,123, అంటే 0.85. ఒకటి పంటి జబ్బు తెచ్చే ఖనిజం, ఒకటి రియాక్టర్ ఇంధనం. ఇల్లు ఒకటే రకం కాబట్టి ఇల్లు కదిలే వేళ కూడా ఇంచుమించు ఒకటే.

7. గాలి తగిలితే వేరే కథ

పైన చెప్పింది వేడి వల్ల పుట్టే లోపం. ఇంకొక దారి కూడా ఉంది. బిళ్ళకు వేడిలో గాలి తగిలితే గాలిలోని ఆక్సిజన్ లోపలికి చొరబడుతుంది. ఖాళీ పెట్టెలు సగం ఉన్నాయి గదా, అక్కడ చేరుతుంది. కొన్ని చేరినంత వరకు కట్టడం ఓర్చుకుంటుంది. ఇంకా ఇంకా చేరితే వరుసే మారిపోయి, మూడు యురేనియంలకు ఎనిమిది ఆక్సిజన్లు ఉండే వేరే ఆక్సైడ్ అవుతుంది. అది మూడో వంతు కంటే ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బిన బిళ్ళ పగిలి పొడి పొడి అవుతుంది. దీనికి రెండు వేల డిగ్రీలు అక్కరలేదు, 400 డిగ్రీల గాలి చాలు.

అందుకనే బిళ్ళలను గాలిలో కాల్చరు, హైడ్రోజన్‌లో కాలుస్తారు. ఒకటికి రెండు అనే లెక్క తప్పకూడదు. ఖాళీలు మంచివా, చెడ్డవా అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేము. ఏ గడిలో, ఎన్ని, ఎంత వేడిలో అని అడగాలి.

8. దెబ్బలు తిని నిలబడే కట్టడం

ఒక యురేనియం పరమాణువు చీలినప్పుడు రెండు ముక్కలు తుపాకి గుండ్ల వలె దూసుకుపోతాయి. దారిలో వేల పరమాణువులను గడుల నుంచి తోసేస్తాయి. రియాక్టర్‌లో ఇది క్షణక్షణం జరుగుతుంది. మరి బిళ్ళ ఇసుక వలె ఎందుకు రాలిపోదు? తోసిన పరమాణువులలో చాలా భాగం రెప్పపాటు కంటే ఎంతో తక్కువ సమయంలో మళ్ళీ ఏదో ఒక గడికి చేరుకుంటాయి. లోపల ఖాళీ ఇండ్లు ఉన్న కట్టడం కాబట్టి లోపాలను ఓర్చుకుంటుంది.

యురేనియం లోహం అట్లా కాదు. అది 668 డిగ్రీల దగ్గర ఒకసారి, 775 డిగ్రీల దగ్గర ఇంకొకసారి వరుస మార్చుకుంటుంది. రియాక్టర్‌లో దెబ్బలకు ఆకారం చెడి ఉబ్బుతుంది. ముంబై దగ్గర ట్రాంబేలో 1985లో మొదలైన ధ్రువ పరిశోధన రియాక్టర్‌లో లోహమే ఇంధనం. కానీ కరెంటు తీసే పెద్ద రియాక్టర్లలో ఎక్కువ వేడి కావాలి కాబట్టి ఆక్సైడ్ వాడతారు.

అయితే ఆక్సైడ్‌కు ఒక బలహీనత ఉంది. వేడి స్ఫటికంలో అలలుగా పోతుంది. లోపం తగిలితే అల చెదురుతుంది. కాబట్టి లోపాలు పెరిగే కొద్దీ బిళ్ళ నడుమ ఉన్న వేడి బయటికి రావడం కష్టమవుతుంది. బయటికి రాకపోతే నడుమ ఇంకా వేడెక్కుతుంది. ఇంధనం వయసు పెరిగే కొద్దీ ఇంజనీర్లు ఈ లెక్క చూసుకుంటూనే ఉండాలి.

9. మనకు ఎందుకు?

2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చి ఫుకుషిమా రియాక్టర్లకు కరెంటు పోయింది. చల్లబరిచే నీళ్ళు ఆగినాయి. చీలడం ఆగినా, చీలిన ముక్కల నుంచి వేడి వస్తూనే ఉంటుంది. గొట్టాల జిర్కోనియం ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టించింది. ఆ హైడ్రోజన్ పేలింది. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. వేలాది కుటుంబాలు ఇండ్లకు తాళాలు వేసి పోయినారు. అట్లాంటి రోజు రాకుండా చూడాలంటే, బిళ్ళ ఎంత వేడిని తాగుతుంది, ఏ మెట్టు దగ్గర ఏమవుతుంది, కరగడానికి ఎంత వేళ ఉంది అని ముందుగానే తెలిసి ఉండాలి. ఆ లెక్కలో నాలుగవ మెట్టు కూడా ఉంది. కంటికి కనపడని ఖాళీ గడిని లెక్కపెట్టడం అంటే మనుషుల ఇండ్లను కాపాడటమే.

మాది తండా. అమ్మను మేము యాడి అంటాము. మా యాడి కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. గ్రామసభ కాగితమైనా, బ్యాంకు కాగితమైనా, అందులో ఏముందో చదివి చెప్పేది నేనే. మీలో చాలామంది ఇండ్లలోనూ ఇంతే. చెంచు అక్కలు, ఎరుకల చెల్లెండ్లు కూడా ఇదే చెప్తారు. రేపు ఏ గని గురించో, ఏ రియాక్టర్ గురించో మన ఊరికి కాగితం వస్తే, పెద్దవాళ్ళు మన ముఖమే చూస్తారు. అప్పుడు అవును అన్నా, వద్దు అన్నా, తెలిసి అనాలి. వచ్చిన ఆఫీసర్ పెద్ద పేరు చెప్తే బెదరకుండా, దాని అర్థం ఏమి సార్ అని అడగాలి. నేను ఈ పాఠం నేర్చుకున్నది అందుకే. మా యాడికి కూడా సెలవుల్లో పులి మేక గీసి చెప్పినాను. అంతా విని, "అయితే ఖాళీ ఉంటేనే కదులుతాదా, నిండిపోతే కదలదా" అని అడిగింది. అవును అన్నాను. బడి మెట్టు ఎక్కని మనిషికి అర్థమైంది అంటే మనకు కాకుండా పోతుందా?

10. చేసి చూడండి

బంకమన్నుతో 27 చిన్న ఉండలు, 4 పెద్ద ఉండలు చేయండి. చిన్నవి ఆక్సిజన్లు, పెద్దవి యురేనియంలు. చీపురు పుల్లలతో చిన్న ఉండలను కలిపి, రెండు వరుసల పొడవు, రెండు వరుసల వెడల్పు, రెండు వరుసల ఎత్తు ఉండే పెట్టెలు కట్టండి. మొత్తం 8 పెట్టెలు వస్తాయి. వాటిలో ఒకటి విడిచి ఒకటి, 4 పెట్టెల నడుమ పెద్ద ఉండ దారంతో వేలాడదీయండి. ఇప్పుడు ఒక చిన్న ఉండను తీసి ఖాళీ పెట్టెలో పెట్టండి. అదే ఫ్రెంకెల్ జంట. నేను చేసింది ల్యాబు కిటికీ దగ్గర ఉంది, చూడవచ్చును. ముట్టుకుంటే మాత్రం మెల్లగా, మన్ను ఇంకా ఆరలేదు.

గుర్తుంచుకోవలసినవి

1. ఏ స్ఫటికమూ లోపం లేకుండా ఉండదు. వేడి పెరిగితే లోపాలు పెరుగుతాయి.
2. యురేనియం డైఆక్సైడ్‌లో సుమారు 2,400 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ వరుస చెదురుతుంది, యురేనియం వరుస నిలుస్తుంది. సుమారు 2,850 డిగ్రీల దగ్గర మొత్తం కరుగుతుంది.
3. ఆక్సిజన్ అదనంగా చొరబడితే బిళ్ళ ఉబ్బి పొడి అవుతుంది.
4. బిళ్ళను గట్టి చేసేదీ లోపమే, మార్చేదీ లోపమే. కాబట్టి లోపాన్ని తిట్టడం కాదు, లెక్కపెట్టాలి.

ప్రశ్నలు

1. బిళ్ళలను గాలిలో కాకుండా హైడ్రోజన్‌లో ఎందుకు కాలుస్తారు?
2. 1,700 డిగ్రీల దగ్గర పొడి కరగకుండానే ఎట్ల గట్టిపడింది?
3. మన ఉప్పుకల్లులో కూడా ఖాళీలు ఉంటాయా? ఎందుకు?

జవాబులు రాసి, పేరు, తరగతి వేసి గోడపత్రిక పెట్టెలో వేయండి. మంచి జవాబులను వచ్చే సంచికలో రాస్తాము. ఆరవ, ఏడవ తరగతి చెల్లెండ్లకు అర్థం కానివి ఉంటే సాయంత్రం స్టడీ అవర్‌లో నా దగ్గరికి రండి, పులి మేక ఆడుతూ చెప్తాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని